సేటు రాంగనే అన్నం ముందటేసుకో

మన అమృత నాయినా,

బట్ట నేసే సాంచల పడి నలిగిన నీ కుడిచెయ్యికి పరిహారం కేసు ఎయ్యాలె. వకీలును మాట్లాడనీకి సిరిసిల్ల పోతున్న. పగటీలి నీ సేటు ఆపిల్‌పండ్లు పట్టుకొని అస్తడు. పండ్లు తీస్కో. కేసు వద్దని ఆయన రాసుకచ్చే కాయితం మీద మాత్రం ఎడమచెయ్యి ఏలిముద్ర ఎయ్యకు.

నీకు మొగమాటం ఎక్కువ. గందుకే ఆయన రాంగనే అన్నం ముందటేసుకో. ఎంగిలి చెయ్యి పట్టి ఎవ్వలు ఏలిముద్ర ఏపిచ్చుకోరు. ఆయన పొయ్యేదాకా కలుపుకుంటనే ఉండు. "నేను మంచిగనే ఉన్న సేటూ" అనకు. పోయినసారి గట్లనే అని, ఆగిపోయిన ఆయన కారును కట్టుచెయ్యితోనే నూకినవ్!

చెంచ దాచిపెట్టిన, దేవులాడకు. ఎడమచెయ్యితోని ముద్ద నీ నోట్లెకు పోతలేదని నాకొక్కదానికే ఎర్కైతే సాలదు. సేటు సుత చూడాలె.