అమ్మ కుడి కన్ను

చెల్లీ, దేవుడి దయవల్ల అందరం క్షేమం. అమ్మ కళ్ళజోడుకు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టకముందే ఈ ముక్క నీకు చేరాలి.

పోయిన కార్డులో కంటి నంబర్లు నింపే పద్ధతి నీకు తప్పు చెప్పాను. కళ్ళ డాక్టరు చీటీలో కుడి అంటే ఎదురుగా కూర్చున్న డాక్టరుకు కుడి అనుకుని, నా జోడు ఆర్డరులో ఆ నంబరు నా ఎడమ కంటికి నింపాను. ఎదురుగా నిలబడి కొలతలు తీసే కుట్టుపని అలవాటు! జోడు వచ్చింది, పెట్టుకుంటే మెట్లు ఒరిగిపోయాయి. కళ్ళజోళ్ళ దుకాణం అమ్మాయి చూసి నవ్వింది.

"కుడి అంటే మీ కుడే ఆంటీ. ఇది అద్దంలో ఉన్న మీకు సరిపోతుంది!"

అమ్మవి సరిగ్గా నింపు. కంటిపాపల మధ్య దూరం దుకాణంలో కొలిపించు, నాలా బట్టలు కొలిచే టేపు వాడకు. వంటింటి కుళాయి బాగుచేయించావా? జోడు రాగానే అమ్మను ముందు కూర్చుని ప్రార్థన చదువుకోమను. అక్షరాలు నిలిస్తేనే మెట్లు దిగాలి.

పిల్లలకు దీవెనలు.
అక్క