ఒక కారు పట్టేంత చోటు

నవంబరు 7, శుక్రవారం

ఎల్లుండి ఫైనల్. ఇవాళ ల్యాబ్‌లో ముప్పై ఇద్దరికి రక్తం తీశాను. సూదికీ సూదికీ మధ్య రేసే తలుచుకున్నాను.

అమ్మ దృష్టిలో ఇది బొమ్మకార్ల ఆట. చూడ్డానికి అంతే మరి. నారాయణగూడలో గోవర్ధన్ అన్న సెంటర్, మూడో అంతస్తు, ఎనిమిది సీట్లు. ఒక్కోదానికి స్టీరింగు, పెడల్స్, ఎదురుగా పెద్ద స్క్రీను. ఆరు రేసుల లీగ్. కానీ గెలిచినవాళ్లకి చెన్నై దగ్గర ట్రాక్ మీద ఒక రోజంతా అసలు రేసు కారు ఇస్తారు. నా జీతానికి అలాంటి కారు పక్కన నిలబడి ఫొటో కూడా దిగలేను. నాకు ఆ ఒక్కరోజు కావాలి. ఏ దేవుడికీ ఇంత స్పష్టంగా ఏదీ చెప్పుకోలేదు.

నేనూ ఉమాకాంత్ సమానం, చెరో 83 పాయింట్లు. మూడో స్థానంలో భాను, పదకొండు వెనక.

నవంబరు 8, శనివారం

చిక్కడపల్లిలో ఉమాకాంత్‌తో చాయ్. నాకు రేసింగ్ నేర్పింది వాడే. రెండేళ్ల క్రితం బ్రేక్ ఎక్కడ వెయ్యాలో కూడా తెలియని దాన్ని. వెనకవాణ్ని ఆపొచ్చు, ఎంత గట్టిగానైనా ఆపొచ్చు. కానీ ఒక్కసారే పక్కకి జరగాలి. అప్పటికే పక్కకి వచ్చేసినవాడికి ఒక కారు పట్టేంత చోటు వదలాలి. ఈ ముక్క నా చేత వందసార్లు చెప్పించి ఉంటాడు.

రేపు ఎవరు గెలిచినా సాఫ్‌గ గెలవాలె అని చెయ్యి కలిపాడు. ఏంది గా మొహం, జర నవ్వు అన్నాడు. నవ్వాను.

నవంబరు 9, ఆదివారం, సాయంత్రం 6.40

తోసేశాడు.

చివరి ల్యాప్, చివరి మలుపు. వాడు ముందు, నేను వెనక. లోపలి వైపు వెళ్లబోతే మూసేశాడు. సరే, అది వాడి హక్కు. బయటి వైపు తిప్పాను. నా ముందు చక్రం వాడి వెనక చక్రాన్ని దాటింది, పక్కపక్కనే ఉన్నాం. అప్పుడు, బ్రేక్ వేస్తూ మళ్లీ జరిగాడు. రెండోసారి. చోటన్నదే లేదు. గడ్డిలోకి పోయాను. మళ్లీ రోడ్డెక్కేసరికి భాను దాటిపోయాడు. ఉమాకాంత్ ఫస్టు, భాను సెకండు, నేను థర్డు.

రేసు అయ్యాక వాడు నా వైపు చూడలేదు. హెడ్‌ఫోన్ వైరు చుట్టుకుంటూ కూర్చున్నాడు. మీటరు వైరు. అయిదు నిమిషాలు చుట్టాడు.

మా లీగ్‌లో ఒకటే శిక్ష. తోసినట్టు తేలితే ఇద్దరి స్థానాలూ తారుమారు. తేలితే నేను ఫస్టు, చెన్నై నాది. అక్కడే కూర్చుని కంప్లైంట్ రాసిచ్చి వచ్చాను.

7.30

అన్నం సహించలేదు. అమ్మకి తలనొప్పి అని చెప్పాను.

నవంబరు 10, సోమవారం

వాడి జవాబు లీగ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. సారీ అయి ఉంటుందనుకున్నాను, పిచ్చిదాన్ని. స్క్రీన్‌షాట్ పెట్టాడు. అది నేను రాసిన తీర్పు.

ఏ రేసుకి దిగనివాళ్లు ఆ రేసుకి తీర్పు చెప్పాలి, ఇదీ మా పద్ధతి. మూడో రేసు రోజు నాకు జ్వరం, దిగలేదు. ఆ రోజు ఇదే మలుపులో ఉమాకాంత్ భానుని తోశాడు. వాడు గెలిచాడు, భాను ఏడోవాడయ్యాడు. భాను కంప్లైంట్ పెట్టాడు. తీర్పు నా చేతికి వచ్చింది.

వీడియో ఒక్కసారే చూశాను. ఈలోపు ఉమాకాంత్ ఫోన్ చేశాడు, భాను అసలు పక్కకే రాలేదన్నాడు. నమ్మాను. గట్టి డిఫెన్స్, తప్పు లేదు అని రాశాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఇది రేసు, ట్యాంకర్ తోలడం కాదు అని కూడా రాశాను. భాను నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. మా అశోక్‌నగర్ వీధికి నీళ్లు తెచ్చేది అతనే. ఆ జోకు ఫోన్లో ఉమాకాంత్ వేసిందే, రాసింది మాత్రం నేను. ఆరుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. భాను బొటనవేలు పెట్టాడు.

ఇప్పుడు స్క్రీన్‌షాట్ కింద ఉమాకాంత్ రాసింది ఒక్కటే ముక్క: కీర్తన చెప్పిందే మనకు రూలు. నా వేలితో నా కన్నే పొడిచాడు.

నవంబరు 11, మంగళవారం

వాడి నంబరు బ్లాక్ చేశాను. తీసేశాను. మళ్లీ చేశాను.

నవంబరు 12, బుధవారం

గోవర్ధన్ అన్న సెంటర్‌కి రమ్మన్నాడు. ఫైనల్‌కి అందరం దిగాం కాబట్టి తీర్పు ఆయనదే. రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టాడు. గీ రెండింటికి ఫరక్ ఏందో రాసియ్యి, ఉంటే నీ ప్లేసు నీకిస్త అన్నాడు. లేకుంటే రెండింటికి ఒకటే మాట. తప్పయితే రెండూ తప్పు, ఒప్పయితే రెండూ ఒప్పు. ఎల్లుండి దాకా టైం.

లెక్క అక్కడే వేసుకున్నాను. రెండూ ఒప్పయితే చెన్నై ఉమాకాంత్‌ది. రెండూ తప్పయితే మూడో రేసు ఫస్టు కూడా భానుకి పోతుంది, నాకంటే ఒక్క పాయింటు ఎక్కువతో చెన్నై అతనిది. ఫరక్ ఉందని రాస్తేనే నాది.

మెట్లు దిగుతుంటే ఉమాకాంత్ ఎదురయ్యాడు. గీ కంప్లైంట్ వాపస్ తీస్కో, చెన్నైకి నిన్ను గూడ తోల్కపోత, ఫొటోలు తీద్దువు గని అన్నాడు. వాడు నిజంగానే మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. పక్కనుంచి దిగిపోయాను. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచాక అప్పుడు తిట్లు గుర్తొచ్చాయి. రెండేళ్లు. ప్రతి ఆదివారం. ఏ నోటితో చోటు వదలమని నేర్పాడో ఆ నోటితోనే.

నవంబరు 13, గురువారం, ఉదయం 6.20

ట్యాంకర్ వచ్చింది. మా వీధిలో రెండు వైపులా బండ్లే. అంత ట్యాంకర్ని ఒక్క స్కూటర్ అద్దానికి తగలకుండా రివర్స్‌లో గేటు దాకా తెచ్చాడు భాను. రోజూ తెస్తాడు. నేనెప్పుడూ చూడలేదు.

సంపులో పైపు వేసి నిలబడితే వెళ్లి అడిగాను, మూడో రేసు తీర్పుకి కోపం వచ్చిందా అని. ట్యాంకర్ తోలుతనన్నవు, నిజమే గదక్కా, దానికి కోపమెందుకు అన్నాడు. పైపు సంపులోకి ఇంకొంచెం తోసి, గని వాడు చోటు ఇడిశిండా లేదా గదొక్కటి చూస్తవనుకున్న అన్నాడు.

ఫైనల్ గురించి తనేమీ అడగలేదు. సంపు నిండగానే పైపు చుట్టుకుని వెళ్లిపోయాడు.

నవంబరు 14, శుక్రవారం

ల్యాబ్‌కి సెలవు పెట్టి రెండు వీడియోలూ చూస్తూ కూర్చున్నాను. ఫైనల్‌లో వేగం ఎక్కువ అని రాశాను. కొట్టేశాను. మూడో రేసులో భాను ఇంకా వెనకే ఉన్నాడు అని రాశాను. ఆపి చూస్తే అతని ముందు చక్రం, ఫైనల్‌లో నాది ఉన్నదానికంటే జానెడు ముందే ఉంది. ఉమాకాంత్ అదే చోట, అదే రెండోసారి జరిగాడు. వాడు ఫైనల్లో కొత్తగా ఏమీ చెయ్యలేదు. ఏం చేసినా చెల్లుతుందని అప్పట్లో వాడికి సంతకం పెట్టిచ్చింది నేనే.

ఏడ్చాను. భాను కోసం కాదు, అబద్ధం ఎందుకు. చెన్నై కోసం. ఆ అసలు కారులో కూర్చుంటే వీపుకి ఇంజను వణుకు తెలుస్తుందట.

సాయంత్రం కాగితం ఇచ్చి వచ్చాను. ఫరక్ లేదు. రెండూ తప్పే. మూడో రేసు తీర్పు తప్పు, రాసింది నేను. ట్యాంకర్ మాటకి భానుకి క్షమాపణ. దీన్ని గ్రూపులో పెట్టండి.

గోవర్ధన్ అన్న రెండుసార్లు చదివాడు. మంచిగ సోచాయించుకునే రాసినవా అని ఒక్క మాట అడిగి గ్రూపులో పెట్టేశాడు. ఉమాకాంత్ వేరే నంబరు నుంచి ఫోన్ చేశాడు. పాగల్ లేసిందా నీకు, మనిద్దరికీ లేకుంట చేసినవ్ అన్నాడు. మనిద్దరికీ అట. ఇంకా ఆ మాట వాడుతున్నాడు.

డిసెంబరు 6, శనివారం, ఉదయం 8

ఇవాళ ట్యాంకర్ రాలేదు. సంపు అడుగంటింది. డ్రైవర్ చెన్నై పోయాడట, ఈ నీళ్లవాళ్లకి కూడా షికార్లు ఎక్కువయ్యాయని అమ్మ బకెట్లు చప్పుడు చేస్తోంది.

భానుకి మెసేజ్ పెట్టాను. మొదటి మలుపులో బ్రేక్ కాస్త ముందే వెయ్యి, అసలు కారు బరువుగా ఉంటుందట.

బొటనవేలు వచ్చింది.