పై వరుస ఎవరిది?

డబ్లిన్, కాలిఫోర్నియా
మార్చి 4

బసవరాజూ,

దస్తూరి చూడగానే ఎవరు రాశారో నీకు తెలిసిపోయి ఉంటుంది. చించెయ్యకు. పంతొమ్మిదేళ్ళ తర్వాత రాస్తున్నాను, ఆఖరిదాకా చదువు, ఆ తర్వాత నీ ఇష్టం. నీ ఫోన్ నంబరు నా దగ్గర లేదు. బళ్లారిలో మీ ఇంటి అడ్రసు మాత్రం పాత డైరీలో దొరికింది. "ఈ రోజుల్లో లెటర్ ఏంటి నాన్నా, ఫేస్‌బుక్‌లో సెర్చ్ చేస్తా ఉండు" అంది మా ఇంద్రజ. వద్దన్నాను. అక్షరాలు రాసి బతికినవాళ్ళం మనం. మొదటి మాట చేత్తోనే రాయాలని నా పంతం.

నేనూ నాగమణీ డిసెంబరులో కూతురి దగ్గరికి వచ్చాం, ఆరు నెలలు ఉండటానికి. నాగమణికి వచ్చిన వారానికే పది మంది స్నేహితురాళ్ళు దొరికారు. నాకు గోడలు దొరికాయి. ఇక్కడ ఇంత పొడుగు గోడ మీద కూడా ఒక్క అక్షరం ఉండదురా, చూస్తుంటే చేతులు దురదపెడతాయి. నా అవస్థ చూడలేక ఇంద్రజ "సీనియర్ సెంటర్‌లో ట్యూస్‌డేస్ బ్రష్‌తో ఏదో క్లాస్ ఉందంట నాన్నా, ఆఫీస్‌కి పోతూ డ్రాప్ చేస్తా" అని తీసుకెళ్ళి దింపింది. నేను బ్రష్ పట్టుకుని పద్నాలుగేళ్ళయింది. ఫ్లెక్సులు వచ్చాక డబ్బాలూ బ్రష్షులూ అటకెక్కించేశాను. కూతురి ముందు ఆ మాట చెప్పుకోవడం ఇష్టంలేక వెళ్ళాను.

అది చైనా అక్షరాల క్లాసు. చెప్పేది లియాంగ్ గారని చైనా ఆయన, ఎనభై దాటాయి, నిటారుగా నిలబడతాడు. నేర్చుకునేవాళ్ళలో ముగ్గురి గురించి నీకు చెప్పాలి. పాక్ గారిది కొరియా, మిచికో గారిది జపాను, బావో గారిది వియత్నాం. ఒకరి భాష ఒకరికి రాదు. ఇంగ్లీషు నాకెంత వచ్చో వాళ్ళకీ అంతే. అయినా గంటలకొద్దీ మాట్లాడుకుంటారు! నోటితో కాదు. ఒకరు కాగితం మీద అక్షరం రాస్తారు, పక్కవాళ్ళు చూసి తల ఊపి ఇంకోటి రాస్తారు. లియాంగ్ గారు మూడు శిఖరాల బొమ్మలాంటి అక్షరం రాసి "షాన్" అన్నాడు. కొండ అని అర్థం. పాక్ గారు "సాన్" అన్నాడు. మిచికో గారు "యమ" అంది. బావో గారు "సొన్" లాంటిదేదో అన్నాడు. వెనకటికి ఆ నాలుగు దేశాల రాయబారులు కలిసినప్పుడు కూడా మాట తెలియక ఇలాగే కాగితాల మీద రాసుకుని పనులు చక్కబెట్టుకునేవారట.

మొదటి రోజే నా పరువు పోయింది. నాలుగు అక్షరాలు ఇచ్చి రాయమన్నారు. మన పద్ధతి నీకు తెలుసుగా, బోర్డంతా అక్షరాల ఒళ్ళు ముందు రాసేసి, ఎత్తు తేడా రాకుండా తలకట్లన్నీ చివర్లో వరసగా పెట్టుకుంటూ పోతాం. నా చెయ్యి అదే అలవాటున నాలుగు అక్షరాల్లోని అడ్డగీతలన్నీ ముందు గీసేసి, నింపాదిగా నిలువుగీతలకి వచ్చింది. ఒక గీత సన్నబడితే మళ్ళీ బ్రష్ పెట్టి దిద్దాను కూడా. లియాంగ్ గారు గుండె పట్టుకున్నాడు. ఏ గీత తర్వాత ఏ గీతో వాళ్ళకి లెక్క ఉందట. ఒక అక్షరం పూర్తికాకుండా రెండోదాన్ని ముట్టుకోకూడదట. ఒకసారి గీసింది మళ్ళీ దిద్దకూడదట. మిచికో గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. కానీ లియాంగ్ గారు నా కాగితం పైకెత్తి, ఆ అడ్డగీతలు నాలుగింట్లోనూ నూలు పట్టినట్టు ఒకే ఎత్తులో ఉన్నాయని వేలితో అందరికీ చూపించాడు. "యూ, వాట్ వర్క్?" అన్నాడు. "సైన్ బోర్డ్స్. థర్టీ ఫైవ్ ఇయర్స్" అన్నాను. ఆ మాట అంటుంటే నాకెంత గర్వమైందో చెప్పలేను. ఇక్కడికి వచ్చాక నన్ను ఇంద్రజ వాళ్ళ నాన్న అని కాకుండా ఇంకోలా ఎవరూ పలకరించలేదు.

ఇక అసలు సంగతి. మా రాతలు లైబ్రరీలో ప్రదర్శనకు పెడతామన్నారు. దాని కరపత్రంలో పైన "చైనీస్" అని పెద్దగా అచ్చువేశారు. పాక్ గారు మొహం మాడ్చుకున్నాడు, మా తాతముత్తాతలు వెయ్యేళ్ళు రాశారు, మా పేరేదీ అన్నాడు. మిచికో గారు కూడా అదే అడిగింది. లియాంగ్ గారు బల్ల మీద చేత్తో కొట్టి అన్నాడు: "ఆల్ ఫ్రమ్ చైనా! యూ ఓన్లీ బారో!"

బసవా, అది నేనన్న మాట. సరిహద్దులో ఆ హైస్కూలు గేటు బోర్డు రాయడానికి మనిద్దరం వెళ్ళిన రోజు. తెలుగు మీడియం, కన్నడ మీడియం రెండూ ఉన్న బడి. పై వరుస ఏ భాషదో మీరే చూసుకోండన్నాడు హెడ్మాస్టరు. "మా పిల్లోళ్ళే ఎక్కువుండారు కదప్పా, కన్నడ పైన పెడదాం లే" అన్నావు నువ్వు, మామూలుగానే. నేనేమన్నాను? "మీ లిపి యాడిదిరా? మా అక్షరాలకి తలకాయలు మార్చి మీవని చెప్పుకుంటాండారు. అరువు తెచ్చుకున్నోళ్ళకి పై వరుస కావాల్నా?" టీకొట్టు దగ్గర పది మంది వింటుండగా అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. రెండూ ఒక తల్లి బిడ్డలని, నాకు కన్నడ అక్షరాలు దిద్దించిన రోజే నువ్వు చెప్పావు. నువ్వు బ్రష్ కడిగి, గుడ్డతో తుడిచి, నా డబ్బాలో పెట్టి, బళ్లారి బస్సెక్కావు. పదిహేడేళ్ళ మన 'దత్త–బసవ ఆర్ట్స్' ఆ మధ్యాహ్నం మూతపడింది.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. నేను తీసుకోవాలనే ఇది రాస్తున్నాను. నన్ను క్షమించు.

నీ
దత్తాత్రేయ


డబ్లిన్
ఏప్రిల్ 22

ఒరే బసవా,

జవాబు రాలేదు. రాదనే అనుకున్నాను. అయినా తర్వాత ఏం జరిగిందో నీకు కాక ఎవరికి చెప్పుకోను? నాగమణికి చెబితే "ఆ చైనా వాళ్ళ గొడవ మీకెందుకండీ" అని కూర తరుక్కుంటోంది.

రెండు వారాలు క్లాసు జరగలేదు. మూడో మంగళవారం బావో గారు కోడలి చేత అందరికీ ఫోన్లు చేయించి రప్పించాడు. ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు ముగ్గురూ. బావో గారు ప్లాస్టిక్ కవర్లోంచి పచ్చబడిపోయిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఆయన తాత రాసిన ఉత్తరమట, బావో గారి నాన్నకి. నిండా ఆ అక్షరాలే. వియత్నాంలో ఈ లిపి మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. ఊరు వదిలి పడవెక్కినప్పుడు ఒంటి మీద దాచుకుని తెచ్చాడట. డెబ్బై ఏడేళ్ళ మనిషి, సొంత తాత ఏం రాశాడో ఈరోజు దాకా తెలియదు. అది చదువుకోవడానికే క్లాసులో చేరాడు, కానీ ఇంకా తేలిక అక్షరాలే వచ్చు. "వీళ్ళు ముగ్గురూ ఇది ఎవరిదని పోట్లాడుకుంటున్నారు. మా మామగారికి చదివిపెట్టేవాళ్ళు ఉంటే చాలు" అంది కోడలు.

లియాంగ్ గారు కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టాడు. నాలుగో వరుసలో ఆగిపోయాడు, రాత గొలుసుకట్టు. పాక్ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, వేలు పెట్టి తన భాషలో చదివాడు. ఇంకోచోట ఇద్దరికీ అందలేదు. మిచికో గారు అరచేతిలో వేలితో రెండుసార్లు రాసుకుని చూసి, అదేమిటో చెప్పింది. ముగ్గురూ మూడు రకాలుగా పలికారు, అర్థం తలా రెండు ఇంగ్లీషు ముక్కల్లో చెబితే కోడలు కూర్చుకుంటూ వచ్చింది. ఉత్తరంలో ఏముందో తెలుసా? "మనవడు పుట్టాడని తెలిసింది. సంతోషం. నీ దస్తూరి మాత్రం ఊళ్ళో ఎవరికీ చూపించుకోలేకుండా ఉన్నాను. పిల్లవాడిని నీలా చెడగొట్టకు. చెయ్యి నిలవగానే నా దగ్గరికి పంపు, అక్షరాలు నేను దిద్దిస్తాను."

యుద్ధాల్లో పంపడం కుదరలేదట. బావో గారు నవ్వుతూనే ఏడ్చాడు. ఏడుస్తూనే బ్రష్ అందుకుని, ఇప్పుడు దిద్దించండి అన్నట్టు లియాంగ్ గారి వైపు చూశాడు. లియాంగ్ గారు ఆయన చేతి మీద చెయ్యి వేసి పట్టించాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోను.

ఆ తర్వాత లియాంగ్ గారే కరపత్రంలో పైనున్న "చైనీస్" అన్న మాట కొట్టేశాడు. మరి లైబ్రరీ ముందు బోర్డు మీద ఏం రాయాలి, ఎవరిది ముందు రాయాలి అని మళ్ళీ మొదలైంది. అప్పుడు నలుగురూ నావైపు తిరిగారు. బోర్డు నన్ను రాయమన్నారురా! ఈ కళకి ఎవరి దేశంలో ఏ పేరుందో రాసి తలో చీటీ ఇచ్చారు. నాకా, ఒక్క అక్షరానికీ అర్థం తెలియదు. కాబట్టి గోడ ముందు నిలబడ్డవాడిలా ఒట్టి ఆకారాలే చూశాను. నాలుగు చీటీల్లోనూ మొదటి అక్షరం ఒక్కటే. చీటీలు పక్కపక్కన పెట్టి ఆ అక్షరం మీద వేలు పెట్టాను. వాళ్ళకి తెలియక కాదు, పంతంలో ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. 'రాత' అని దాని అర్థమట.

ఆరడుగుల చెక్క తెప్పించుకున్నాను. ఆ అక్షరం నడిమధ్యన మూరెడెత్తున ఒక్కసారే రాశాను. మిగిలిన అక్షరాలు చుట్టూ గుండ్రంగా తిప్పాను. పైన ఎవరో కింద ఎవరో చెప్పమను చూద్దాం! ఆ బుద్ధి ఆ రోజు స్కూలు గేటు దగ్గర ఉంటే ఎంత బావుండేది. సుద్దతో గీసుకుని, ఎనామిల్ నింపి, మన పద్ధతిలో ఎరుపు షేడ్ వేశాను. "దిస్ ఈజ్ నాట్ కాలిగ్రఫీ" అన్నాడు లియాంగ్ గారు, చుట్టూ మూడుసార్లు తిరిగి చూసి. తర్వాత "గుడ్" అన్నాడు. ప్రదర్శన రోజు ఆ బోర్డు ముందు నిలబడి జనం ఫోటోలు దిగుతుంటే మా సాన్వి, ఇంద్రజ కూతురు, వచ్చినవాళ్ళందరికీ "మై తాతా పెయింటెడ్ ఇట్" అని చెప్పుకుంటూ తిరిగింది. ఫోటో పంపుతున్నాను. నువ్వు చూడాలి. మెచ్చుకోకపోయినా ఫర్వాలేదు, తప్పు పట్టినా చాలు.

జూన్ పదిన ఇండియా వస్తున్నాం.

దత్తు


బళ్లారి
మే 19

దత్తూ,

కవరు విప్పగానే కన్నడ అక్షరాలు చూసి, వీడికింకా కోపం పోలేదు అనుకోకు. మాటలు తెలుగే, నావే. రాస్తున్నది నా మనవరాలు వేద. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. నేను చెబుతుంటే విన్నది విన్నట్టు కన్నడ అక్షరాల్లో పెడుతోంది. నువ్వు చదువుకోగలవు, నేర్పింది నేనే కదా.

నీ మొదటి ఉత్తరం మార్చిలోనే అందింది. నా చేత్తోనే జవాబు రాయాలని కూర్చున్నాను. నెల రోజులు కూర్చున్నాను. కుదరలేదు. నా కుడి చెయ్యి వణుకుతుందిరా. ఇప్పుడు కాదు. ఆ స్కూలు బోర్డుకి నాలుగు నెలల ముందు నుంచే.

నువ్వు తెలుగు వరుస చూసుకునేవాడివి, నేను కన్నడ వరుస. అందుకే నీకు తెలియలేదు. అప్పటికే రెండు బోర్డుల్లో నా గీతలు కదిలిపోయాయి, నువ్వు లేనప్పుడు దిద్దుకున్నాను. కన్నడ పైన పెడదామని నేనెందుకన్నానో తెలుసా? మా పిల్లలు ఎక్కువని కాదు, మా భాష గొప్పదనీ కాదు. పై వరుస కింద నిలబడ్డవాళ్ళకి దూరం. గీత వణికినా కంటికి ఆనదు. కింది వరుస ప్రతి పిల్లవాడి కళ్ళకీ ఎదురుగా ఉంటుంది.

నువ్వన్న మాటకి కోపం వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. బస్సు సగం దూరం వచ్చేసరికి పోయింది కూడా. దిగి వెనక్కి రావచ్చు. వస్తే ఆ బోర్డు రాయాలి. పది మందిలో చెయ్యి వణికి, నువ్వు నా మీద జాలిపడటం నేను చూడాలి. బోర్డులు రాసేవాడు ఆ మాట ఎట్లా చెప్పుకుంటాడు? నువ్వు తిట్టి తరిమావని చెప్పుకోవడం సుఖమనిపించింది. ఇంట్లోనూ అదే చెప్పాను. పంతొమ్మిదేళ్ళు నీ మీద నింద ఉంచి నా పరువు కాపాడుకున్నాను. ఇది రాస్తూ వేద కలం ఆపి నా మొహంలోకి చూసింది. "ఇదీ రాయాల్నా తాతా?" అంది. రాయమన్నాను.

ఫోటో చూశాను. ఆ అక్షరాలు ఒక్కటీ అర్థం కాలేదు, చెయ్యి నీదని మాత్రం దూరం నుంచే తెలిసింది. మా దత్తు అమెరికాలో నాలుగు దేశాలకి కలిపి రాసిన బోర్డు అని వీధి మొత్తం తిప్పి చూపించాను. ఎడమవైపు షేడ్ కొంచెం లావయింది. అది తప్ప వంక పెట్టడానికి లేదు.

క్షమించమని రాశావు. అది కుదరదు. నీది ఒక్కపూట నోటిదురుసు, నాది పంతొమ్మిదేళ్ళ అబద్ధం, కాబట్టి ముందు నేను అడగాలి. కాదు, ముందు మాట జారింది నేను అంటావు, నీ సంగతి నాకు తెలియదా. రా. ఎవరిది ముందో ఎదురుగా కూర్చుని పోట్లాడుకుందాం.

నీ
బసవరాజు