అత్తగారు కూర్చున్న కరెంటు సైకిలు

రవాణా అధికారి గారి సముఖమునకు, పూలకుండీల అంగడి నడుపుకొను స్త్రీ విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: తమ సిబ్బంది పట్టుకొనిపోయిన సైకిలును (మోటారు, తొట్టి సహా) విడిపించుట గురించి, అది సైకిలో బండియో తేల్చుట గురించి, మా అత్తగారి గురించి.

1. నేను మట్టికుండీలు, మొక్కలు అమ్ముకొని బ్రతుకుచున్నదానను. నా అంగడి పల్లంలో, కొనువారి ఇళ్ళన్నీ మెరక మీద. పన్నెండేళ్ళుగా కుండీలను సైకిలుకు కట్టి, ఎత్తు వచ్చినచోటల్లా దిగి తోసుకొనుచు చేరవేసితిని. కిందటేడు నా కుడి మోకాలు ఇక తన వల్ల కాదన్నది. డాక్టరుగారు కూడా మోకాలి పక్షమే వహించిరి.

2. మా తమ్ముడు ఫ్యాన్లకు, నీళ్ళ మోటార్లకు తీగ చుట్టు పనివాడు. వాడు నా పాత సైకిలు వెనక చక్రంలో మోటారు బిగించి, సీటు కింద ఇనుప పెట్టెలో బ్యాటరీ పెట్టి, ఎడమ పక్కన మూడో చక్రంతో ఒక తొట్టి అతికించెను. హ్యాండిలుకు ఎడమవైపు బొటనవేలితో నొక్కు మీట కలదు. నొక్కిన పోవును. మొదటిరోజు పద్నాలుగు కుండీలతో మెరక ఎక్కితిని. ఒక్కచోటా దిగలేదు. పైకి చేరి, ఒక పక్కన నిలబడి కాసేపు ఏడ్చితిని. ఈ సంగతి అర్జీకి అనవసరమని తెలియును.

3. అత్తగారికీ నాకూ మొన్నమొన్నటిదాకా తొమ్మిదేళ్ళు మాటలు లేవు. కారణం ఇప్పుడు ఇద్దరికీ సరిగా గుర్తు లేదు. ఏమి చెప్పవలసి వచ్చినా మా ఆయన ద్వారా చెప్పుకొనువారము. ఆయన ఇంట లేనిచో గోడకు చెప్పుకొనువారము. తుంటి ఎముక విరిగి అతికిన తరువాత ఆమె గుమ్మం దాటి రెండేళ్ళయినది. నా సైకిలును చూసి, "ఆఖరికి సైకిలుక్కూడా బద్ధకం నేర్పారు" అని గోడతో అనిరి. వారం తరువాత ఖాళీ తొట్టి వంక చూసి, ఈసారి నాతోనే అనిరి:

"ఇందులో మనిషి పడుతుందా?"

"పద్నాలుగు కుండీలు పట్టాయి అత్తయ్యా."

"నేను కుండీనటే?"

"కుండీ అయితే పగులుతుందని భయం. మీకేం, గట్టిపిండం."

ఆమె పడీపడీ నవ్విరి. దిండు వేయించుకొని ఎక్కి కూర్చుండిరి. అది మొదలు ప్రతి సాయంత్రం, పని ముగిసిన పిమ్మట, కాలువ గట్టున షికారు పోవుచున్నాము. తొమ్మిదేళ్ళ మాటలు కదా, దారి చాలుట లేదు.

4. నేరము. కిందటి గురువారం గట్టు మీద మా ముందు ఒక జీపు నత్తనడక నడుచుచుండెను.

"వీడి దుమ్మంతా మన మొహానే. దాటెయ్యవే."

"గవర్నమెంటు జీపు అత్తయ్యా, తప్పు."

"గవర్నమెంటు దుమ్మయితే కళ్ళల్లో పడదా?"

అని ఆమె తొట్టిలోంచి చెయ్యి చాచి మీట నొక్కిరి. దాటితిమి. దాటునప్పుడు ఆమె చెయ్యి ఊపిన మాట వాస్తవం. లోపల తమరున్నారని ఎరుగము. మరునాడు తమ సిబ్బంది వచ్చి సైకిలును పట్టుకొనిపోగా ఆ సంగతి తెలిసిన పిమ్మట, "పాపం, మంచివాడిలాగే ఉన్నాడు, తప్పంతా డ్రైవరుది" అని ఆమె తీర్పు చెప్పిరి.

5. తమ కార్యాలయంలో మొదటి కిటికీవారు, "మోటారుందిగా, రిజిస్ట్రేషను కాయితాలేవీ?" అనిరి. రెండో కిటికీవారు, "పెడళ్ళున్నాయిగా, సైకిళ్ళకి మేం రిజిస్ట్రేషను చెయ్యం" అనిరి. మూడో కిటికీవారు చక్రాలు లెక్కపెట్టి, అది రిక్షా అనియు, రిక్షాల గుమాస్తా సెలవులో ఉన్నారనియు తెలిపిరి.

6. సైకిలు పోయిన నాటినుండి అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. నిన్న మా ఆయనతో, "నాకు ఆకలి లేదని ఆవిడకి చెప్పు" అన్నారు. ఆవిడ అంటే నేను. అయ్యా, కుండీలంటారా, నెత్తిన పెట్టుకుని మోస్తాను. ఆ మాట మోయలేను.

కావున దానిని సైకిలన్నను, బండియన్నను, రిక్షాయన్నను మాకు సమ్మతమే. మీటను ఆమెకు అందకుండ కుడివైపునకు మార్పించెదము. నా మోకాలిని, మా ముసలామెను కూడ దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కుండీల అంగడి ఆమె

తా.క. ఈ అర్జీ చదివి వినిపిస్తే అత్తయ్య లేచి కూర్చుని, "నేనూ వస్తా పద" అంది. ఆటోలో తీసుకొచ్చాను. మీ గదిలో ఎవరూ లేరు. అయ్యగారు వెనక ఆవరణలో బండి పరీక్షిస్తున్నారని బంట్రోతు చెప్పాడు. వెళ్ళి చూస్తే సైకిలు మీద తమరు, తొట్టిలో రెండో కిటికీ గుమాస్తాగారు. మేం చూస్తుండగానే మూడు చుట్లు తిరిగారు. నేను పిలవబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండవే, ఇంకో చుట్టు తిరగనీ. పొద్దస్తమానం కుర్చీలోనే కూర్చుంటాడాయె" అంది. ప్రహరీ నీడన కూర్చుని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. సంతకానికి తొందర లేదు. మలుపులో మాత్రం బ్రేకు మెల్లిగా వెయ్యండి, గుమాస్తాగారు తొట్టిలోంచి ఎగిరెగిరి పడుతున్నారు.