నాయన నా మాట నమ్మడం లేదు

నంద్యాల,
12-9-57

ఇంటికి పెద్దవాడైన అన్నకు, బి.ఏ. చదివినా పెద్దవాడు కాని తమ్ముడు ఓబులేసు నమస్కారాలు.

నాయన గొంతులో ఉన్నది కాన్సరట, మనం రాచపుండు అంటామే, అదే. బాగా ముదిరిందట. ఆసుపత్రిలో డాక్టరు, నాయన ఎదుటే నాకు ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. "ఏమంటాండాడప్పా?" అని నాయన నన్ను అడిగాడు. "చుట్టలు మానాలంట" అన్నాను. "అంతసేపు మాట్లాడింది చుట్టల గురించేనా?" అని నవ్వాడు.

సాయంత్రం గుండె దిటవు చేసుకుని, "పెద్ద జబ్బే నాయనా, మద్రాసు పోవాల" అన్నాను. "నీ ఎగతాళి ఈడ కూడానా" అంటూ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నమ్మలేదో, నమ్మే అలా అన్నాడో తెలియదు. అన్నా, నాకు చాలా భయంగా ఉంది.

బర్రె ఈనిందా? అమ్మతో రాచపుండు మాట అనొద్దు, గొంతు వాపని చెప్పు. నాయనకు రొట్టె దిగడం లేదు, జావకు రాగిపిండి తీసుకురా.

వదినకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. నువ్వు పుట్టి బుద్ధెరిగి ఒక్క పరాచికమూ ఆడలేదు కాబట్టి, నువ్వు చెబితే నాయన మద్రాసు బయలుదేరతాడు. కార్డు అందగానే ఆళ్ళగడ్డలో మొదటి బస్సెక్కు. ఇందులో ఒక్క ముక్కా వేళాకోళం కాదు.

ఓబులేసు