రెండు ట్రంకుపెట్టెల వాల్వులు

షార్జా,
18-2-2005, శుక్రవారం.

నాన్నగారి పాదాలకు మీ పెద్దమ్మాయి మంగాదేవి దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం.

నేను కులాసాగానే ఉన్నాను. మీ దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్లకు నేను పంపిన నూనె రాసుకుంటోందా, లేక చుట్టాలొస్తే చూపించడానికి బీరువాలో దాచిందా? తమ్ముడు సూరిబాబు సెల్‌ఫోన్ల దుకాణం బాగా నడుస్తోందని విని సంతోషించాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. షాపు గది ఓనర్లు ఖాళీ చెయ్యమన్నారని రాశారు. ముప్పై నాలుగేళ్లుగా మండపేట బజార్లో అమ్మ పేరు మీద ఉన్న 'రాజ్యం రేడియో సర్వీస్' బోర్డు దించేస్తారా? సరే, గది వాళ్లది, ఏం చేస్తాం. కానీ రెండు ట్రంకుపెట్టెల రేడియో వాల్వులూ పాత సామాన్లవాడికి తూకానికి వేసేస్తానని రాశారే, అది మాత్రం నాకు మింగుడు పడలేదు. తమ్ముడికి అవి అక్కర్లేదు, నిజమే. అయితే ఆ కిందే మీరు, నువ్వు రాసే ఆ షార్జా మెకానిక్ మొనగాడు, అలాంటివాడికైతే ఊరికే ఇచ్చేస్తాను, పెట్టెల మీద రాయడానికి వాడి పేరు రాసి పంపు, నెలాఖరు దాటితే మాత్రం తూకానికే అన్నారు. ఆ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలీదు.

పేరు తప్పకుండా రాస్తాను. ముందు ఆ మెకానిక్ గారి కొత్త సంగతి ఒకటి చెప్పనివ్వండి. చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

నేను పనిచేసే ఇంటి పెద్దాయన్ని బాబా అని పిలుస్తామని, ఆయనకు పాత రేడియో వాల్వులు పోగేసే పిచ్చి ఉందని ఇదివరకే రాశాను. మగవాళ్లొస్తే కూర్చునే మజ్లిస్ గదిలో అద్దాల బీరువా నిండా అవే. బొటనవేలంతవి, వంకాయంతవి, ఒకటైతే ఏకంగా సొరకాయంత. నేను వాటి దుమ్ము దులపడం మొదలుపెట్టి ఏప్రిల్‌కి మూడేళ్లు. బాబా అన్నగారు ఆ రోజుల్లో ఇక్కడి పాత విమానాశ్రయంలో వైర్‌లెస్ పని చేసేవారట. ఇసకలో విమానం క్షేమంగా దిగాలంటే ఈ గాజుబుడ్లు వెలగాల్సిందే కదా అని బాబా ఇప్పటికీ మురిసిపోతారు. కిందటి నవంబరుకి మొదటి వాల్వు పేటెంటుకి నూరేళ్లు నిండాయని చెప్పి ఇంట్లో అందరికీ హల్వా పంచారు కూడా. లండన్ ప్రొఫెసరు ఒకాయన బల్బులో ఇంకో రేకు పెట్టి చూస్తే కరెంటు ఒకవైపే నడిచిందట, అందుకే దానికి వాల్వు అని పేరు పెట్టారట. ఇవన్నీ మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అనుకోండి.

ఆ పేరుతోనే మా డ్రైవర్ రహమతుల్లా ఓ ఘనకార్యం చేశాడు. దుబాయ్‌లో నైఫ్ బజారుకి వెళ్లి పాత వాల్వులు ఏమన్నా ఉంటే తెమ్మంటే, నీళ్ల పైపులకు బిగించే ఇత్తడి వాల్వులు మూడు తెచ్చి బాబా ముందు పెట్టాడు. వాల్వ్ బోలా, వాల్వ్ లాయా, వాల్వన్నారు, వాల్వే తెచ్చాను అని పైగా వాదన! బాబా పొట్ట పట్టుకుని నవ్వారు. రెండోసారి మెకానిక్ గారు కాగితం మీద బొమ్మ గీసి పంపితే అప్పుడొచ్చింది ఓ అట్టపెట్టెడు అసలు సరుకు.

ఇక అసలు సంగతి. బాబా దగ్గర వాళ్ల నాన్న నాటి జర్మనీ రేడియో ఒకటి ఉంది. ఎనిమిదేళ్లుగా మూగది. చూసినవాళ్లంతా ఖలాస్ అని చేతులు దులుపుకున్నారు. కిందటి గురువారం మెకానిక్ గారు వెనక అట్ట విప్పారు. దేన్నీ ముట్టుకోకుండా ముందు కళ్లతోనే వెతికారు. ఒక వాల్వు నెత్తిన ఉండాల్సిన వెండిపూత పాలలా తెల్లబడి ఉంది. లోపలికి గాలి చొరబడింది, పోయింది ఇదొక్కటే అని తేల్చేశారు. మీరూ అచ్చం అలాగే చెప్పేవారు కదా నాన్నా!

అదే నంబరుది ఇంకోటి కావాలి. అట్టపెట్టెలో అదే ఆకారంవి నాలుగున్నాయి గానీ నంబర్లు చెరిగిపోయాయి. మీరు చేసినట్టే నోటితో ఆవిరి ఊది చూస్తే కనబడలేదు. మెకానిక్ గారు ఊరుకుంటారా? వాటిని గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన గంటసేపు పెట్టి, బయటికి తీసి మళ్లీ ఊదారు. మూడోదాని మీద నంబరు తేలింది. సరిగ్గా కావలసిందే! ఆ వాల్వు కాళ్లు శుభ్రంగా తుడిచి, బిగించి, స్విచ్ వేశారు. నిమిషం పాటు ఏమీ లేదు. తర్వాత రేడియో ముందువైపు స్టేషను తగిలితే వెలిగే పచ్చకన్ను మెల్లగా తెరుచుకుంది. గరగరమంది. ఎవరో అరబ్బీలో పాట అందుకున్నారు.

బాబా తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు తన స్నేహితులు ఆరుగురిని పిలిచి రేడియో వినిపించి, లండన్ పంపలేదు, నా ఇంట్లోనే బాగుపడింది అని చెప్పి, అందరి ముందూ మెకానిక్ గారిని ఉస్తాద్ అని పిలిచారు. వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. నాకైతే గర్వంతో ఆ పూట అన్నం సహించలేదు. ఆ పని ఎక్కడిదనుకున్నారు? మన మండపేట పని, మీ బల్ల మీది పని.

మీ ట్రంకుపెట్టెల సంగతి బాబాకి చెప్పాను. వస్తే బీరువాలో కింది రెండు అరలూ ఖాళీ చేయిస్తారట, 'రాజ్యం రేడియో సర్వీస్, మండపేట' అని అరబ్బీలో చీటీ రాయిస్తారట. మన వీధి శ్యాంప్రసాద్ సెలవు ముగించుకుని మార్చి మూడున ఇక్కడికి బయల్దేరుతున్నాడు. పాత చీరల్లో చుట్టి ఇస్తే జాగ్రత్తగా తెస్తాడు.

అమ్మకి నా దణ్ణాలు, తమ్ముడికి దీవెనలు.

మీ కూతురు,
మంగాదేవి.

తా.క.: పేరు రాస్తానన్నాను. మూడు రోజులుగా కలం పట్టుకుని మళ్లీ పక్కన పెట్టేస్తున్నాను.

నాన్నా, నా పాత ఉత్తరాలన్నీ ఒకసారి తీసి చూడండి. మెకానిక్ గారు చూశారు, మెకానిక్ గారు బిగించారు అనే ఉంటుంది. అతను అని గానీ వాడు అని గానీ నేనెక్కడా రాయలేదు. గారు అంటే ఆడో మగో తెలియదు కదా, ఆ మాట చాటున కూర్చున్నాను. వాడు అన్నది మీరే.

ఆడపిల్లకి వాల్వులేంటే, వెళ్లి పొయ్యి చూసుకో అని మీరు నన్ను బల్ల దగ్గరికి రానివ్వలేదు. టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి అన్నీ చూసేదాన్ని. మీరు తమ్ముడికి చెప్పిన పాఠాలు వాడు మరిచిపోయాడు, నేను మరిచిపోలేదు. ముందే నా పేరు రాసి ఉంటే మీరు నవ్వి పక్కన పడేసేవారు. ఒక్కసారి మీరు మనిషిని కాకుండా పనిని చూడాలని ఇలా చేశాను. కోపమొస్తే తిట్టండి, పడతాను.

పెట్టెల మీద మంగాదేవి అని రాయండి. మనసొప్పకపోతే తూకానికే వేసెయ్యండి. మొనగాడు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోకండి.