రెండుసార్లు చదివించుకో

గుంటూరు, హాస్టలు.

అమ్మా, నేను బాగున్నా, తిండి సరిపడతంది, దిగులు పెట్టుకోమాక.

మొన్న మా లా కాలేజీలో పోటీ పెట్టారు. మా మేడమే పొలం కౌలుకిచ్చే రైతమ్మ లాగా ఒక కాయితం పట్టుకొచ్చి కూర్చుంది. మేం లాయర్ల లాగా సలహా చెప్పాలి. అందరూ ఆమె నోటిమాట నమ్మి సెక్షన్లు వల్లించారు. నేను మాత్రం, "ఇది నీకు చదివి చెప్పిందెవరమ్మా?" అని అడిగా. "రాయించినాయనే" అంది. "అయితే ఇంకొకళ్ళు చదవందే వేలిముద్ర వెయ్యమాక" అని నేనే చదివా. ఏడాది కౌలన్న కాయితంలో అయిదేళ్ళని ఉంది. ఎవరు నేర్పారని పోటీకొచ్చిన జడ్జి గారు అడిగితే, క్వారీలో రాళ్ళెత్తే మా అమ్మని చెప్పా. ఊళ్ళో నిన్ను అనుమానప్పీనుగ అనేవాళ్ళు గదా, అది గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్.

వచ్చే నెల విశాఖలో పెద్ద పోటీకి నన్నే పంపుతున్నారు. వేసవిలో గురజాల కోర్టులో నెల రోజులు పని నేర్చుకోవటానికీ పేరిచ్చా. ఈ నెల పదిహేనో తారీకు మన దాచేపల్లిలో ఉచితంగా సలహాలు చెప్పే క్యాంపు పెడుతున్నాం. ఆ పూట పని మానుకుని రా. నీ పద్ధతి ఆడోళ్ళకి నీ నోటితోనే చెప్పించమంది మేడం.

మోకాలికి తైలం రాస్తున్నావా లేదా? మేక ఈనిందా? బుజ్జమ్మత్తకి నా దండాలు.

ఫోన్లో మాట గాల్లో పోద్దంటావని కార్డు రాశా. దీన్ని కోటేశ్వర్ బాబాయితో ఒకసారి, సింధక్కతో ఒకసారి విడివిడిగా చదివించుకో. ఇద్దరూ ఒకటే చెబితే అప్పుడు నమ్ము.

నీ కూతురు
గోపిక